క్రిస్మస్‌నాటి బంతి



మార్గశిరమాసపు చలి ముదిరి, పొద్దు పొడిచిన తరువాత కూడా పొగమంచు పొలాలమీదనుండి కదలక, ఒక వీధిలో ధనుర్మాసపు ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు కొలువుతీరి, హరిదాసు చిడతల చప్పుడు దూరమునుండి వినవస్తూ ఉండగా, ఆ ప్రక్క వీధిలోనే వెదురుబద్దలతో కట్టి రంగుకాగితము అంటించిన నక్షత్రమొకటి రాత్రి అంతా వెలిగి, తెల్లవారిన పిమ్మట కూడా ఎవరూ ఆర్పనందున వెలవెలబోతూ, చూరునుండి వ్రేలాడుతూ ఉండే ఆ దినాలను మన కృష్ణా, గుంటూరు సీమలలో పుట్టి పెరిగినవారు ఎవరు మరువగలరు? రెండు వీధుల పండుగలూ ఒకే చలిలో వస్తవి. రెండింటికీ మూడు వారాల ఎడము. క్రిస్మస్‌నాటి కజ్జికాయలు ఆ వీధికి పోతవి. సంక్రాంతినాటి అరిసెలు ఈ వీధికి వస్తవి.

ఆ క్రిస్మస్ పండుగను గురించి, అందులోను గడపకు ఇవతల జరిగే పండుగను గురించి మీకు నాలుగు మాటలు మనవి చేయాలని వచ్చాను. గుడిలో జరిగే ఆరాధనను గురించి చెప్పడానికి అయ్యగారలున్నారు. 1842లో హయ్యరు మిషనరీ గుంటూరు చేరిన నాటినుండి జరిగిన చరిత్ర చెప్పడానికి పండితులున్నారు. నేను చెప్పదలచినది వంటింటిని గురించి. ఆ వంటింటిలో కూడా ఒక్క పీటను గురించి.

మా చిన్ననాట క్రిస్మస్ అంటే మా ఇంట ఇరువదిమందికి తక్కువ కాని బంధుజనము. మేనత్తలు, బాబాయిలు, వారి పిల్లలు, మా తాతగారి నాటి స్నేహితులొకరిద్దరు, ఊరికి క్రొత్తగా వచ్చిన బడిపంతులుగారు. మా అమ్మ రెండవ కోడికూతకే లేచేది. రాత్రి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగివచ్చిన మేము ఇంకా దుప్పట్లలోనే ఉండగా, ఆమె పొయ్యి రాజేసేది. ఆరాధనకు వచ్చేది కాని, అందరికంటె ఆలస్యంగా వచ్చి, వాకిలి దగ్గర కడపటి వరుసలో కూర్చునేది. ఎందుకంటే ఆఖరి కీర్తన ఎత్తుకోకముందే ఆమె లేచిపోవాలి. పొయ్యిమీద ఎసరు కాగుతూ ఉంటుంది. ఆమె ఏ క్రిస్మస్‌నాడైనా ప్రసంగము చివరిదాకా విన్నదని నేను నమ్మను.

ఇక భోజనాలు. మొదటి బంతిలో పెద్దలూ పిల్లలూ. రెండవ బంతిలో వచ్చిన ఆడవారు. మూడవ బంతిలో ఆలస్యంగా వచ్చినవారు. మనకు ఒక సామెత ఉన్నది గదా: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని. మా అమ్మకు ఆ కడబంతి కూడా లేదు. ఆమెకు వడ్డించేవారే లేరు.

నాకు పదునేడేండ్లు వచ్చిన సంవత్సరము, సాయంత్రము నాలుగు దాటిన తరువాత, మంచినీళ్ల కొఱకు వంటింటిలోనికి పోయినాను. ముందుగదిలో నవ్వులు, పాటలు, హార్మోనియము. వంటింటిలో మా అమ్మ చిన్న పీట వేసుకొని, పొయ్యికి ఎదురుగా, గోడకు చేరగిలబడి, పళ్లెము ఒడిలో పెట్టుకొని, అడుగంటిన పులావును గరిటెతో గీకి తింటున్నది. ముక్కలు అయిపోయినవి. అన్నము చల్లారిపోయినది. నన్ను చూచి, “ఏం నాయనా, ఇంకేమైనా కావాలా?” అని అడిగింది. తింటూ తింటూ లేవబోయింది కూడా. ఆ ప్రశ్న నన్ను ఇన్నేండ్లూ విడువలేదు. ఈ ప్రసంగము దానికి ఆలస్యంగా దొరికిన సమాధానమనుకోండి.

నేను చెప్పదలచిన మాట ఇది. ఒక్కటే మాట. క్రిస్మస్ మధ్యాహ్నము వండినవారు కూడా అందరితోపాటు ఒకే బంతిలో కూర్చుని, వేడి అన్నము తినాలి. మరల చెప్తాను. వండినవారు బంతిలో కూర్చోవాలి. ఇది చెప్పినంత సులభము కాదు. ఆ రోజున అనుకుంటే అయ్యే పని అంతకంటె కాదు.

లూకా సువార్తలో అక్కచెల్లెండ్ర కథ ఒకటి ఉన్నది, మీలో చాలమంది ఎరిగినదే. ప్రభువు ఒక గ్రామమునకు రాగా మార్త తన ఇంటికి ఆహ్వానించింది. చెల్లెలు మరియ ఆయన పాదాల చెంత కూర్చుని మాటలు విన్నది. అక్క ఒక్కతే పనులతో సతమతమై, విసిగి, చెల్లెలు సాయము రావడము లేదని ఆయనకే ఫిర్యాదు చేసింది. ప్రభువు ఆమెను రెండుమార్లు పేరుపెట్టి పిలిచి, నెమ్మదిగా మందలించాడు. ఈ కథ చదివినప్పుడెల్ల మన బోధకులు మరియను మెచ్చుకుంటారు. మెచ్చుకోదగినదే. కాని నాకు ఎల్లప్పుడూ మార్త మొగమే కనుపిస్తుంది. పొగకు ఎఱ్ఱబడిన కన్నులతో, చెమటతో, అతిథిమీదనే కోపము తెచ్చుకొనేంత అలసటతో నిలుచున్న ఆ మార్త మన ప్రతి ఇంటిలోను పండుగనాడు ఉంటుంది. ఆమె విసుగును మనము చూస్తాము; విసుగుకు కారణము చూడము. పండుగపూట ఇంటిలో పుట్టే కలహాలలో సగము ఈ వంటింటి అలసటనుండి పుట్టినవేనని నా అనుభవము. కోడలు విసురుగా గిన్నె పెట్టిందని అత్తగారికి కష్టము. అత్తగారు ఒక మాట అన్నదని కోడలికి కన్నీరు. ఆ గిన్నె అంత చప్పుడు ఎందుకు చేసిందో ముందుగదిలో ఉన్న మగవారికి ఎవరికీ తెలియదు.

మార్త వండిందని ప్రభువు ఆక్షేపించలేదు. అన్ని పనులు నెత్తిన వేసుకోవద్దు, కొంచెమే చాలుననే భావము ఆ మందలింపులో ఉన్నది. వంటకాల లెక్కకు కూడా అది వర్తిస్తుందని నాకు తోస్తుంది. తొమ్మిది వంటకాలు చేసి అలసిన తల్లికంటె నాలుగు వంటకాలు చేసి నవ్వుతూ కూర్చున్న తల్లి పిల్లలకు ఎక్కువ జ్ఞాపకముంటుంది.

మరి ఆమె కూర్చోవడము ఎట్లా? ఇంటిలో అందరూ ఒక సాయంత్రము కూర్చుని మాట్లాడుకోవాలి. పండుగకు వారము ముందు. రాత్రి భోజనమైన తరువాత అరగంట చాలును. ఎవరు ఏ పని చేస్తారు? ఏ వంట ముందు చేసి ఉంచవచ్చు? ఏది ఆ పూటకే చేయాలి? ఏది మానవచ్చు? మానవలసినదేదో వండేవారినే అడగండి. వారికే తెలుసు.

మన పిండివంటలను చూడండి. మన పూర్వులు వాటిని ఒంటరిగా చేయరాని విధంగానే కల్పించారా అనిపిస్తుంది. అరిసెల పాకము ఎప్పుడైనా దగ్గర నిలబడి చూచారా? బియ్యము నానవేసి, నీరు ఓడ్చి, తడి ఆరకముందే దంచి, జల్లించి ఉంచుకుంటారు. బెల్లము పాకము నీళ్లలో వేస్తే మెత్తగా ఉండకట్టే సమయానికి పిండి పోయడము మొదలుపెట్టాలి. క్షణము ముందైతే జారిపోతుంది. క్షణము వెనుకైతే గట్టిపడుతుంది. ఒకరు పిండి పోస్తూ ఉంటే మరొకరు ఉండలు కట్టకుండా తెడ్డుతో కలియబెట్టాలి. నూనెలో వేగిన అరిసెను తీసి, రెండు చెక్కల నడుమ పెట్టి, నూనె పిండేవారు ఇంకొకరు. ఇది ముగ్గురి పని. ఆ మూడవ పని, బలంగా వత్తే పని, మా ఇంట ఇప్పుడు మా అన్నగారిది. ఆయన పెద్ద ఉద్యోగస్థుడు. పండుగకు నాలుగు రోజుల ముందు, పొయ్యి ప్రక్కన పీట వేసుకొని, చొక్కాచేతులు పైకి మడిచి కూర్చుంటాడు. అరిసెలు వత్తుతూ మా వదినగారితో ఆయన మాట్లాడినన్ని మాటలు సంవత్సరము పొడుగునా మాట్లాడడేమో.

గవ్వలు పిల్లల పని. పిండి చిన్న ఉండ తీసుకొని చెక్కమీద బొటనవ్రేలితో నొక్కి దొర్లిస్తే గవ్వ అవుతుంది. చెక్క లేకపోతే క్రొత్త దువ్వెన చాలును. అయిదేండ్ల పిల్ల చేసిన గవ్వ వంకరగా ఉంటుంది. ఉండనీయండి. డబ్బాలో వెదకి ఆ గవ్వనే ఏరి తాతగారికి ఇస్తుంది ఆ పిల్ల.

ఇక గులాబీపువ్వులు. ఇనుప అచ్చు ముందు నూనెలో బాగా కాగాలి. కాగిన అచ్చును పిండిలో ముంచాలి కాని పై అంచు మునగరాదు. మునిగిందా, పువ్వు అచ్చును వదలదు. ఈ రహస్యము మా అమ్మమ్మకు తెలుసు. ఆమె చేతులు ఇప్పుడు వణుకుతవి. అందుచేత మా పెద్దపిల్లవాడు అచ్చు పట్టుకుంటాడు, ఆమె ప్రక్కన కూర్చుని, “ఆగు, ఆగు, ఇప్పుడు, ఇప్పుడు” అని చెప్తుంది. వృద్ధులకు పండుగనాడు విశ్రాంతి ఇస్తున్నామనుకొని మనము వారిని మూలగదిలో మంచముమీద కూర్చోబెడతాము. వారికి కావలసినది ఆ విశ్రాంతి కాదు. వారి మాట ఇంటిలో ఒక పనికి అవసరము కావడము.

ఈ మూడూ ముందుగా చేసి డబ్బాలకు ఎత్తవచ్చు. అరిసె అయితే మరునాటికి మరింత రుచి ఎక్కుతుంది. పులిహోరకు చింతపండు గుజ్జు ముందునాడే ఉడికించి ఉంచవచ్చు. మసాలా ముందునాడే నూరవచ్చు. ఉల్లి, అల్లము, వెల్లుల్లి సంగతి పాటలకు పోయివచ్చిన యువకులకు అప్పగించవచ్చు. రాత్రి ఎట్లాగూ వారు నిద్రపోరు. పండుగనాడు పొయ్యిమీదికి ఎక్కవలసినవి ఇక పులావు, ఒక కూర, పాయసము. అంతే. ఆ తల్లి ఆఖరి కీర్తన నిలబడి పాడి రావచ్చు.

వంట పురుషులకు తగదని కొందరంటారు. క్రైస్తవ గృహములో ఆ మాటకు తావు లేదని నేను గట్టిగా చెప్తాను. యోహాను సువార్త చివరి అధ్యాయము చదవండి. ప్రభువు పునరుత్థానుడైన తరువాత తిబెరియ సముద్రతీరాన, రాత్రి అంతా వలలు వేసి అలసిన శిష్యులు తెల్లవారి ఒడ్డుకు చేరేసరికి, అక్కడ నిప్పులు రాజుకొని ఉన్నవి, వాటిమీద చేప కాలుతున్నది, రొట్టె సిద్ధంగా ఉన్నది. ప్రభువే వారిని భోజనమునకు పిలిచాడు. ఆయన తన చేతితోనే వారికి వడ్డించాడు. మరణమును జయించి వచ్చినవాడు అలసినవారి కొఱకు పొయ్యి దగ్గర కూర్చున్నాడంటే, మనలో ఎవరికి అది చిన్నతనము?

పనిలో చెయ్యి కలపడమంటే నాకు మెదకు గుడి జ్ఞాపకము వస్తుంది; మీలో పలువురు దానిని చూచి ఉంటారు. 1924లో, సరిగా డిసెంబరు 25వ తేదీన, దానిని ప్రతిష్ఠించారు. మిషనరీ పాస్నెట్టు దొరగారు ఏండ్ల తరబడి దానిని కట్టించారు. కరవు కాలంలో ఆకలిగొన్నవారికి ఊరక అన్నము పెట్టక, ఆ నిర్మాణములో పని కల్పించి, అన్నము పెట్టారు. ఆ గోపురము క్రింద నిలబడినప్పుడు నాకు ఆ రాళ్లు మోసినవారి సంగతే తోస్తుంది. తమ చేతులు పడిన గుడిలోనికి వారు తలవంచుకొని వచ్చి ఉండరు. పండుగ పనిలో చెయ్యి పడిన పిల్లవాడు కూడా బంతిలో అట్లాగే కూర్చుంటాడు. “ఈ గవ్వలు నేను చేసినవి” అంటాడు.

వడ్డన సంగతి చెప్పనే లేదు. ఎవరో ఒకరు నిలబడి వడ్డించినంత కాలము ఎవరో ఒకరు బంతికి వెలుపలే ఉంటారు. అందుచేత గిన్నెలన్నీ తెచ్చి నడుమ పెట్టండి. చాపలు చుట్టూ పరవండి. ప్రక్కవారికి ప్రక్కవారు వడ్డించుకోండి. మొదట కొంచెము తారుమారవుతుంది. చారు చాపమీద ఒలుకుతుంది. తుడుచుకుందాము. వండినవారు బంతిలో కూర్చున్నారా లేదా? అది చూచుకోండి.

ఇరుగుపొరుగును గురించి ఒక మాట. మన పళ్లెములో కోడిగ్రుడ్డు కలిసిన కేకు ఉంటుంది. ప్రక్కింటి పిన్నిగారు నిష్ఠాపరులు. తినలేరు. వద్దనలేక తీసుకుంటారు, ఎవరికి ఇవ్వాలో తెలియక నొచ్చుకుంటారు. ఇచ్చేవారి ప్రీతి పుచ్చుకునేవారికి ఇబ్బంది కాకూడదు. మన దేశంలో దీనికి పూర్వమునుండి చక్కని మార్గము ఉన్నది. స్వయంపాకము. బియ్యము, పెసరపప్పు, బెల్లము, నాలుగు అరటిపండ్లు, ఒక కొబ్బరికాయ పళ్లెములో పెట్టి, పిల్లలచేత పంపండి. ఆమె తన మడిలో తాను వండుకొని తింటుంది. మన పండుగ ఆమె ఇంటిలోనూ జరుగుతుంది. ఆమె ధనుర్మాసపు పొంగలి కూడా మనకు వస్తూనే ఉంటుంది గదా. పుచ్చుకోవడము తెలిసినవారికే పంపడము కూడా తెలుస్తుంది.

 

ఇంటిలో మనస్పర్థలుంటే ఏమి చేయాలి? పండుగనాడు పంచాయతీ పెట్టవద్దు. పొలము గట్టు, గోడ హద్దు, పెండ్లినాటి మాట, వీటిని ఆ పూటకు బంతిదాకా రానీయవద్దు. కాని ముఖము చాటువేసి తిరిగితే పండుగ ఎట్లా? నేను ఎరిగిన ఒక ఇంటిలో అన్నదమ్ములు రెండేండ్లు మాటలు లేక ఉన్నారు. వారి తల్లి వృద్ధురాలు. ఆమె ఎవరికీ నీతులు చెప్పలేదు. డిసెంబరు నెల రాగానే ఇద్దరినీ పిలిచి, “ఈ సంవత్సరము నక్షత్రము పెద్దది కట్టండి” అని మాత్రము అన్నది.

నక్షత్రము కట్టడము ఒకడివల్ల అయ్యే పని కాదు. అయిదు బద్దలతో ఒక ముఖము, అయిదు బద్దలతో ఇంకొక ముఖము. రెండింటి కొసలూ కలిపి కట్టి, నడుమ అయిదు చిన్న పుల్లలు నిలబెట్టి, రెండు ముఖాలను ఎడము చేయాలి. దీపము ఆ ఎడములోనే ఉంటుంది. ఒకడు బద్దలు వంచి పట్టుకోవాలి. ఒకడు దారము చుట్టాలి. పట్టుకున్నవాడు వదిలితే చుట్టినవాడి శ్రమ వ్యర్థము. ఆ మధ్యాహ్నము వారిద్దరి నోట రెండేండ్లకు మొదటిసారి వెలువడిన మాటలు ఇవి: “గట్టిగా పట్టుకో.” “దారము ఇటివ్వు.” చీకటి పడేసరికి నక్షత్రము చూరుకెక్కింది. హద్దు తగాదా ఆ తరువాత ఎప్పుడో తీరింది; కాని తీరకముందే వారు ఒకే బంతిలో భోజనము చేశారు.

గడచిన సంవత్సరములో ఎవరినైనా పోగొట్టుకున్న ఇల్లు ఉంటుంది. అక్కడికి పండుగ మరొక విధంగా వస్తుంది. అట్టి ఇంటిలో ఆ పోయినవారి పేరు ఎత్తడానికి భయపడకండి. వారికి ఇష్టమైన వంట ఒకటి చేయండి. వారు కూర్చునే చోట ఒక పసివాడిని కూర్చోబెట్టండి. ఏడుపు వస్తే రానీయండి. అందరూ ఒక్కచోట ఉన్నప్పుడు వచ్చే ఏడుపు, తలుపు వేసుకొని ఒంటరిగా ఏడ్చే ఏడుపువంటిది కాదు.

ఇక మా అమ్మ సంగతి. నేను ఉద్యోగములో చేరిన మూడవ సంవత్సరము గాని మేము ఈ ఏర్పాటు చేయలేకపోయినాము. అరిసెలు ముందే అయినవి. ఉల్లి మా తమ్ముళ్లు తరిగారు. గిన్నెలు నడుమకు వచ్చినవి. మా నాన్నగారు తన ప్రక్కన ఒక పీట వేసి, ఆమె కూర్చునేదాకా ఎవరూ ముద్ద ఎత్తరాదన్నారు. ఆమె సిగ్గుపడింది. కూర్చుని, నీళ్ల చెంబు కొఱకు లేచింది. మా చెల్లెలు తెచ్చింది. ఉప్పు కొఱకు లేచింది. నేను తెచ్చాను. మూడవమారు లేవబోతే మా నాన్నగారు ఏమీ అనక ఆమె మోచేతిమీద చెయ్యి వేశారు. ఆమె కూర్చున్నది. ఆవిరి వస్తున్న పులావు ముద్ద కలుపుకొని నోట పెట్టుకుని, కొంతసేపు మాట్లాడలేదు. ముప్పది సంవత్సరాలుగా ప్రతి క్రిస్మస్‌కూ ఆ పులావు వండిన మనిషి, నా వైపు తిరిగి మెల్లగా అడిగింది:

“వేడివేడిగా తింటే ఇది ఇట్లా ఉంటుందా, నాయనా?”